బ్రెమెన్ మేళం కథకు బొమ్మలు వేయడం ఎలా: నాలుగు ముసలి ప్రాణులు, ఒక కిటికీ

గాడిద మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి మీద కోడిపుంజు. ఈ బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1819లో తమ కథల రెండో కూర్పులో అచ్చువేసిన కథ ఇది. బ్రెమెన్ ఊరికి వెళ్ళి మేళంలో చేరదామని ఈ నలుగురూ బయల్దేరతారు. విజయవాడలో మా ఇంట్లోనే వేసవి సెలవుల్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటాను. జంతువుల కథకు బొమ్మలు వేయాలనుంది, ఏ కథ తీసుకోమంటారు అని ఎవరడిగినా ఇదే చెప్తాను. ఈ నాలుగూ మనకు బాగా తెలిసినవే. తోడేలు ఎలా ఉంటుందో, ఎలుగుబంటి ఎలా నడుస్తుందో ఫోన్‌లో వెతుక్కోవాల్సిన పని లేదు.

కానీ ఈ కథకు వచ్చే బొమ్మలు చాలావరకు ఒకేచోట దెబ్బతింటాయి. అన్నీ గుండ్రటి కళ్ళేసుకుని, బుగ్గలు పొంగి, బుజ్జి జంతువులైపోతాయి. కథ అది కాదు. గాడిదకు మూటలు మోసే ఓపిక పోయింది, మేత దండగ అని యజమాని అనుకుంటున్నాడు. కుక్క వేటలో పరిగెత్తలేకపోతోంది, చంపబోతే తప్పించుకుని వచ్చింది. పిల్లికి పళ్ళు అరిగిపోయాయి, నీళ్ళలో ముంచేయబోతే పారిపోయింది. కోడిపుంజును మర్నాడు చుట్టాలకు పులుసు పెట్టమని వంటమనిషికి చెప్పేశారు. పని అయిపోయిందని జనం వదిలించుకోవాలనుకున్న ప్రాణులు ఇవి. ఆ ముసలితనం మొదటి పేజీల్లో కనిపిస్తేనే, చివర్లో వాటికి ఒక ఇల్లు దొరికినప్పుడు పిల్లల మనసు కుదుటపడుతుంది. కింద చెప్పే ప్రతి పనీ దీనికోసమే.

ముందు కథను మీ మాటల్లో రాసుకోండి

గ్రిమ్ సోదరులు పోయి నూట అరవై ఏళ్ళు దాటింది కాబట్టి మూలకథ ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరో చేసిన తెలుగు అనువాదం మాత్రం వాళ్ళదే. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. అందుకని మీరే చిన్న చిన్న వాక్యాల్లో తిరగరాసుకోండి. పేజీకి నాలుగైదు వాక్యాలు మించకుండా చూసుకోండి.

రాసేటప్పుడే బొమ్మకు పనికొచ్చే వివరాలు పక్కన గీత గీసి పెట్టుకోండి. మూలంలో అలాంటివి చాలా ఉన్నాయి. పిల్లి మొహం మూడు రోజుల ముసురు పట్టినట్టు ఉందని రాశారు. అంతకన్నా మంచి సూచన బొమ్మ వేసేవాళ్ళకు ఎవరిస్తారు? రాత్రి అడవిలో గాడిద, కుక్క ఒక పెద్ద చెట్టు కింద పడుకుంటాయి, పిల్లి కొమ్మల్లోకి ఎక్కుతుంది, కోడిపుంజు చిటారుకొమ్మకు ఎగురుతుంది. అక్కణ్ణుంచే దానికి దూరంగా దీపం కనిపిస్తుంది. అది దొంగల ఇల్లు. దాని కిటికీ దగ్గర నలుగురూ ఒకరి మీద ఒకరు ఎక్కి, ఒక్కసారిగా గొంతెత్తి అరిచి దొంగల్ని తరిమేస్తారు. ఇక వాయిద్యాలు. వీణ వాయిస్తాను, నువ్వు డప్పు కొట్టు అన్నట్టు గాడిద కుక్కతో చెప్తుందే తప్ప, కథ మొత్తంలో ఎవరి దగ్గరా ఒక్క వాయిద్యం కూడా ఉండదు. ఉన్నవి గొంతులే. బొమ్మలో వాటికి వాయిద్యాలు ఇవ్వకండి.

అసలైన వివరం కిటికీ దగ్గర ఉంది. గాడిద ముందుకాళ్ళు కిటికీ మీద ఆనించి నిలబడింది అని మూలంలో ఉంది. బ్రెమెన్ పురభవనం పక్కన 1953లో గెర్హార్డ్ మార్క్స్ చేసిన కంచు విగ్రహంలో గాడిద నాలుగు కాళ్ళూ నేల మీదే ఉంటాయి. కోరికలు తీరతాయని జనం ఆ ముందుకాళ్ళు పట్టుకుని పట్టుకుని అవి మెరిసిపోతుంటాయి. ఆ విగ్రహం చాలా బాగుంటుంది. కానీ మన పేజీకి మూలంలో ఉన్న ఏటవాలు వీపే కావాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

జంతువుల దగ్గరికి వెళ్ళండి

కనీసం రెండు వారాలు బొమ్మల పుస్తకం మొదలుపెట్టకుండా, ఒక చిన్న స్కెచ్‌బుక్, 2బీ పెన్సిల్ పట్టుకుని తిరగండి. ఒక్కో బొమ్మకు ఒక నిమిషం. జంతువు కదిలిపోతే ఆ బొమ్మ వదిలేసి పక్కన ఇంకోటి మొదలుపెట్టండి. అది మళ్ళీ అదే భంగిమలోకి వస్తే పాతది పూర్తి చేయొచ్చు.

కుక్క సులువు. ఏలూరు రోడ్డులో అయినా, కృష్ణలంక సందుల్లో అయినా పొద్దున్నే టీకొట్టు ముందు ఒక ముసలి కుక్క పడుకునే ఉంటుంది. లేచేటప్పుడు చూడండి. ముందుకాళ్ళు లేపి, కాసేపు ఆగి, అప్పుడు వెనకభాగం లేపుతుంది. ఆ మధ్యలో ఆగిన క్షణం గీయగలిగితే మీ కుక్క సగం తయారైనట్టే. మూతి చుట్టూ వెంట్రుకలు తెల్లబడతాయి, మూపు ఎముకలు పైకి తేలతాయి. కథలో అది దారిలో పడుకుని రొప్పుతుంటుంది కాబట్టి డొక్కలు ఎగరేసే కుక్కను మధ్యాహ్నం ఎండలో చూసి గీసుకోండి.

పిల్లి కోసం చేపల మార్కెట్ దగ్గరికి వెళ్ళండి. పగటి వెలుతురులో దాని కంటిపాప నిలువు గీతలా ఉంటుంది, చీకట్లో గుండ్రంగా విచ్చుకుంటుంది. ఈ కథకు ఇది చాలా ముఖ్యం. పగటి పేజీల్లో గీతకళ్ళు, రాత్రి పేజీల్లో గుండ్రటి కళ్ళు.

కోడిపుంజుకు సంక్రాంతి ముందు రోజులకన్నా మంచి సమయం లేదు. చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా దొరుకుతుంది. పందెంకోళ్ళ రంగులకు మనవాళ్ళు పెట్టిన పేర్లు బొమ్మలు వేసేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. కథలో గాడిద ఈ పుంజును ‘ఎర్రతలా’ అని పిలుస్తుంది కాబట్టి నేనైతే డేగ రంగు వేస్తాను. కానీ తలమీద జుట్టు మాత్రం పందెంపుంజుది కాకుండా ఇంట్లో పెంచే నాటుపుంజుది తీసుకోండి. పందెంపుంజుకు అది చాలా చిన్నగా ఉంటుంది, చీకటి బొమ్మలో కనబడదు.

గాడిద దొరకడమే ఇప్పుడు కష్టం. వన్‌టౌన్ కొండవాలులో ఇళ్ళు కట్టేవాళ్ళు గాడిదల మీద ఇసుక, ఇటుకలు పైకి తీసుకెళ్ళడం నేను చూశాను. బండి వెళ్ళని మెట్లదారిలో తలొంచుకుని ఒకదాని వెనక ఒకటి ఎక్కేవి. అలా గోనె దించాక నిలబడిపోయిన గాడిదను ఒక గంటసేపు గీశాను, నా గాడిదలన్నీ ఇప్పటికీ అందులోంచే వస్తాయి. దొరికితే ఇవి గమనించండి: కళ్ళచుట్టూ, మూతి దగ్గర తెలుపు, వీపు మీద వెన్ను పొడుగునా ఒక నల్లచార, భుజాల మీదుగా దాన్ని అడ్డంగా కోసే ఇంకో చార, గుర్రంలా వేలాడకుండా పొట్టిగా నిక్కబొడుచుకున్న జూలు, ఆవుతోకలా చివర మాత్రమే కుచ్చు ఉండే తోక. తోక నిండా వెంట్రుకలు వేస్తే అది గుర్రం అయిపోతుంది.

కాళ్ళ దగ్గర అందరూ తికమకపడతారు. కుక్క, పిల్లి, గాడిద వెనక్కాలులో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన ఉంటుంది. కుక్కా పిల్లీ వేళ్ళ మీద నడుస్తాయి, గాడిద ఒక్క వేలి గోరు మీద నడుస్తుంది, ఆ గోరే గిట్ట. మీరు మునివేళ్ళ మీద లేచి నిలబడి మీ మడమ ఎక్కడుందో చూసుకోండి, ఇంకెప్పుడూ తప్పు పోదు.

కొండపల్లి బొమ్మలా కట్టండి

కొండపల్లి మనకు పక్కనే. అక్కడ తెల్లపొణికి చెక్కతో బొమ్మను ఒకే ముక్కగా చెక్కరు. ఒళ్ళు, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల ముద్దతో చేసిన మక్కుతో అతికిస్తారు. మీరూ అలాగే గీయండి. ఛాతీ ఒక ముద్ద, పొట్ట ఒక ముద్ద, తుంటి ఒక ముద్ద, తల ఒక ముద్ద. వాటిని కలుపుతూ వెన్ను గీత. కాళ్ళు చివర అతికించండి.

ముసలితనం ఆ ముద్దల మధ్య సందుల్లో ఉంటుంది. పడుచు జంతువుకు ఛాతీ, తుంటి గట్టిగా ఉండి వెన్ను బిగువుగా సాగుతుంది. ముసలిదానికి వెన్ను నడుమ దిగిపోతుంది, పొట్ట జారుతుంది, తుంటి ఎముక మూలలు పైకి పొడుచుకొస్తాయి, కంటి పైన గుంట పడుతుంది. ముడతలూ తెల్లవెంట్రుకలూ తర్వాత. ముందు వెన్ను గీత దించండి. ఒక్క గీతతోనే గాడిదకు ఇరవై ఏళ్ళు మీద పడతాయి.

నాలుగింటినీ ఒకే గీత మీద పక్కపక్కన నిలబెట్టి ఒక ఎత్తుల పట్టిక గీసి గోడకు అంటించుకోండి. మన గాడిద మూపు దగ్గర సుమారు మీటరు ఉంటుంది, వీధికుక్క అందులో సగం పైన. నిలబడిన పుంజు పిల్లికన్నా ఎత్తుగా ఉంటుంది. చాలామంది పైన కూర్చోవాలి కదా అని దాన్ని పిచ్చుకంత చేసేస్తారు.

బట్టలు వేయాలా అని పిల్లలు తప్పక అడుగుతారు. వద్దంటాను. ఈ కథలో జంతువులను మనుషులు జంతువుల్లాగే చూశారు, అదే వాటి కష్టం. కోటు తొడిగితే ఆ కష్టం కప్పబడిపోతుంది.

పేజీలు పంచుకోవడం

సెంటర్ పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. మొదటిసారి చేసేవాళ్ళకు 24 చాలు. సైజు క్రౌన్ క్వార్టో, అంటే సుమారు 7.25 × 9.5 అంగుళాలు, నిలువుగా. ఒకదాని మీద ఒకటి నిలబడే బొమ్మ ఉన్న కథకు అడ్డం పుస్తకం తీసుకోకండి. ఎదురెదురు రెండు పేజీలూ కలిపినా ఏ3 కాగితంలో ఇముడుతుంది కాబట్టి స్కానింగ్ కూడా సులువు.

నేను ఇలా పంచుతాను. 1 పేరు, 2 వివరాలు. 3లో ఒంటరి గాడిద. 4-5 దారి. 6-7 కుక్క. 8-9 పిల్లి. 10-11 గేటు మీద గొంతు చించుకుని అరిచే పుంజు. 12-13 అడవి, రాత్రి, దూరంగా దీపం. 14-15 కిటికీ. 16-17 అద్దం పగలగొట్టుకుని లోపలికి దూకడం, దొంగల పరుగు. 18-19 విందు, నిద్ర. 20-21 చీకట్లో తిరిగొచ్చిన దొంగ. 22-23 అతను నాయకుడికి చెప్పిన కథ. 24లో ఇంట్లో స్థిరపడిన నలుగురు.

24 పేజీల్లో సరిగ్గా నడిమి కాగితం 12-13. పిన్ను పడేది అక్కడే. ఈ పుటలు రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి బొమ్మ అటునుంచి ఇటు తెగకుండా సాగుతుంది. మిగతాచోట్ల మడతలో ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. అందుకే అడవి అక్కడ పడింది. మిగతా పేజీల్లో మొహాలు, కళ్ళు మడతకు దూరంగా ఉంచండి.

అగ్గిపెట్టెంత గళ్ళు గీసి మొత్తం పుస్తకాన్ని ఒకే కాగితం మీద చిన్నచిన్న బొమ్మలుగా వేసుకోండి. అక్షరాలకు చోటు అప్పుడే వదలాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఆకులూ గడ్డీ ఉన్నచోట అచ్చు వేస్తే వత్తు ఏదో, గడ్డిపోచ ఏదో పిల్లలకు తెలియదు. ఆకాశం, గోడ, దారి దుమ్ము లాంటి ప్రశాంతమైన చోటు ఇవ్వండి. అక్షరం 16 పాయింట్లకు తగ్గకుండా, వరసల మధ్య ఖాళీ ధారాళంగా ఉండాలి.

కిటికీ బొమ్మ

పుస్తకానికి ప్రాణం ఇదే. దీనికి వారం రోజులు పట్టినా పెట్టండి.

కుమ్మరి దగ్గర బంకమట్టి తెచ్చుకుని నాలుగు ముద్దబొమ్మలు చేయండి. అందం అక్కర్లేదు. అట్టపెట్టెకు కిటికీ కోసి, లోపల టార్చి వేసి, బయట వీటిని నిలబెట్టండి. గది దీపాలు ఆర్పితే వెలుగు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో కళ్ళముందు ఉంటుంది. మొహాలకూ ఛాతీకీ పసుపు వెలుగు, వీపుల మీద చీకటి.

గాడిద ముందుకాళ్ళు కిటికీ మీద పెట్టగానే వీపు జారుడుబల్ల అవుతుంది. ఆ ఏటవాలు మీద కుక్క నిటారుగా నిలబడలేదు. పొట్ట ఆనించి, ముందుకాళ్ళు గాడిద మూపుకు అదిమి, వెనక్కాళ్ళు జారకుండా తన్నిపెట్టుకోవాలి. దాని మీద పిల్లి గోళ్ళు దించితే కుక్క చర్మం ముడతపడుతుంది, ఒక కన్ను సగం మూసుకుంటుంది. పిల్లి తల మీద పుంజు కూర్చుంటే పిల్లి చెవులు వెనక్కి పడుకుంటాయి. కింద గాడిద వెనకగిట్టలు మట్టిలోకి దిగబడాలి. నాలుగు కాళ్ళ మీద నిలబడిన గాడిదతో ఈ బరువేదీ రాదు. ఏటవాలు కావాలన్నది ఇందుకే. ముసలి ఒళ్ళు ఒకదాన్నొకటి మోస్తున్నాయని పిల్లవాడికి చూడగానే తెలియాలి.

పుంజు కాళ్ళ దగ్గర్నుంచి నేలకు స్కేలుతో నిలువు గీత దించండి. అది గాడిద ముందుకాళ్ళకూ వెనకగిట్టలకూ మధ్యలో పడితే బొమ్మ నిలబడుతుంది. బయటికి పోతే కూలిపోతున్నట్టు కనిపిస్తుంది.

రాత్రి జరిగింది ఒకటి, దొంగ చెప్పింది ఇంకొకటి

దొంగలు పారిపోయాక కడుపునిండా తిని గాడిద పెంటకుప్ప మీద, కుక్క తలుపు వెనక, పిల్లి పొయ్యి దగ్గర వెచ్చటి బూడిదలో, పుంజు దూలం మీద పడుకుంటాయి. 18-19లోనే ఈ నాలుగు చోట్లూ స్పష్టంగా చూపించండి. తర్వాతి పేజీ అంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

చీకట్లో వచ్చిన దొంగ పిల్లి కళ్ళను నిప్పుకణికలనుకుని అగ్గిపుల్ల ముట్టిస్తాడు. పిల్లి మొహం మీద గీరుతుంది, కుక్క కాలు కరుస్తుంది, గాడిద తంతుంది, పుంజు కూస్తుంది. అతను వెళ్ళి నాయకుడితో చెప్పేది వేరు: ఇంట్లో మంత్రగత్తె ఉంది, తలుపు దగ్గర కత్తి పట్టుకున్న మనిషి ఉన్నాడు, వాకిట్లో దుడ్డుకర్ర పట్టుకున్న నల్లటి భూతం ఉంది, ఇంటి పైన న్యాయమూర్తి కూర్చుని ‘ఆ దొంగను పట్టుకురండి’ అని అరుస్తున్నాడు.

20-21లో మాటలు రెండు వాక్యాలకు తగ్గించి నిజం బొమ్మతో చూపించండి. 22-23లో మాటలు దొంగవి, బొమ్మ అతని భయానిది. నేను ఆ నలుగురు భయంకరుల్ని తోలుబొమ్మల్లా వేస్తాను: వెనక నుంచి వెలుగు పడే తెర, చిల్లులు పొడిచిన నగలు, పక్కకు తిరిగిన మొహంలో పెద్ద కన్ను. మంత్రగత్తె నీడలో పిల్లి చెవులు, భూతం తలమీద గాడిద చెవులు కొంచెం కనిపించనివ్వండి. పిల్లలు వెనక్కి తిప్పి పోల్చి చూసుకుంటారు, పెద్దవాళ్ళకు చెప్పి మరీ నవ్వుతారు.

ఇల్లు, అడవి మాత్రం కథ పుట్టిన చోటివే ఉంచండి. చెక్కదూలాల ఇల్లు, పొగగొట్టం, పెద్ద ఆకుల చెట్లు. గీసే పద్ధతి మనది కావచ్చు, కొబ్బరిచెట్లు పెడితే మాత్రం బ్రెమెన్ పేరుకు అర్థం ఉండదు.

రంగులు, మన ఎండ

300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి వాటర్‌కలర్ కాగితం, చెదరని నల్ల ఇంకు, వాటర్‌కలర్లు, తెల్ల పోస్టర్ కలర్ చాలు. మే నెలలో విజయవాడలో బ్రష్ ఎత్తేలోపు రంగు ఆరిపోయి అంచులు గట్టిపడతాయి. రాత్రి ఆకాశం లాంటి పెద్ద పూత తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి, కాగితాన్ని ముందు నీళ్ళతో తడిపి వేయండి. వానాకాలంలో దీనికి వ్యతిరేకం. ఒక పూత పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టండి, లేకపోతే కింది రంగు లేచివస్తుంది.

పగటి పేజీలకు దుమ్ము రంగులు, రాత్రికి నీలం. ఎరుపు మొత్తం పుస్తకంలో పుంజుకూ, పొయ్యికీ మాత్రమే దాచండి.

ప్రెస్‌కు ఇచ్చేముందు

బొమ్మను అంచు దాటి చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వేయండి, దాన్నే బ్లీడ్ అంటారు. ముఖ్యమైనదేదీ అంచుకు సెంటీమీటరు లోపల ఉండకూడదు. నా మొదటి పుస్తకానికి ఆ చోటు నేను వదల్లేదు, ప్రెస్‌లోనూ ఎవరూ అడగలేదు. కటింగ్ అయ్యాక చూస్తే కిటికీ బొమ్మలో పుంజు జుట్టు సగం తెగి ఉంది. ప్రతి కాపీలోనూ అంతే. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. స్కాన్ 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. అచ్చు వెళ్ళేముందు ఒక కలర్ ప్రూఫ్, అంటే రంగులు సరిచూసుకునే నమూనా కాపీ, డబ్బులిచ్చి అయినా తీయించుకోండి. రాత్రి నీలాలు కంప్యూటర్ తెర మీద కన్నా కాగితం మీద నల్లగా వస్తాయి, పిల్లి మీసాలు మాయమవుతాయి.

ప్రూఫ్‌కన్నా ముందు ఇంకో పరీక్ష ఉంది. అక్షరాలు లేకుండా బొమ్మలు మాత్రం జిరాక్స్ తీయించి, మధ్యలో పిన్ను కొట్టి, కథ తెలియని అయిదారేళ్ళ పిల్లకు ఇవ్వండి. మీరు నోరు విప్పకండి. ఆ అమ్మాయే కథ చెప్పుకుంటూ పోతుంది, మీరు పక్కన పేజీ నంబరు వేసి రాసుకోండి. గాడిదను గుర్రం అన్నచోట, దొంగ ఎందుకు పరిగెత్తాడో చెప్పలేక ఆగినచోట గుర్తు పెట్టండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకేచోట ఆగితే ఆ పేజీ మళ్ళీ వేయండి. వాళ్ళు ఆగకుండా తిప్పేసిన పేజీలను మీకు నచ్చకపోయినా ముట్టుకోకండి.